సిబేలియస్ నాలుగో సింఫనీ: కల్యాణి స్వరాలతో ఇంత చీకటి ఎలా వచ్చింది?

సి, డి, ఎఫ్ షార్ప్, ఈ. ఫిన్లాండ్ సంగీతకర్త సిబేలియస్ 1911లో మొదటిసారి వినిపించిన నాలుగో సింఫనీ మొదలయ్యేది ఈ నాలుగు స్వరాలతోనే. ఆర్కెస్ట్రాలో అట్టడుగున ఉండే వాద్యాలన్నీ, అంటే చెల్లోలు, డబుల్ బాస్‌లు, బసూన్లు అన్నీ కలిసి, నెమ్మదిగా, గట్టిగా, ఏదో పెద్ద బండరాయిని నేల మీద ఈడుస్తున్నట్టు ఆ నాలుగూ వాయిస్తాయి. ఆ తర్వాత పాట ముందుకి పోదు. ఎఫ్ షార్ప్, ఈ, ఎఫ్ షార్ప్, ఈ అని ఆ రెండింటి మధ్యే ఊగుతూ ఉంటుంది, శబ్దం తగ్గుతూ పోతుంది, అప్పుడు దాని మీద ఒకే ఒక్క చెల్లో, పక్కన తోడెవరూ లేకుండా, పాడటం మొదలుపెడుతుంది. ఇదంతా మొదటి నిమిషంలోనే అయిపోతుంది, మీరు ఇంకా సర్దుకుని కూర్చోకముందే.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. మీకు సరిగమలు వస్తే సి ని షడ్జం అనుకుని ఆ నాలుగు స్వరాలు నోటితో పాడి చూడండి. షడ్జం, చతుశ్రుతి రిషభం, ప్రతి మధ్యమం, అంతర గాంధారం. స రి మ గ. అన్నీ కల్యాణి స్వరాలే! 65వ మేళకర్త మేచకల్యాణి, శుభకార్యాల్లో నాదస్వరం వాళ్లు ఇష్టంగా ఎత్తుకునే రాగం, వింటుంటే ఇంట్లో దీపం పెట్టినట్టు ఉండే రాగం. నాకు ఈ సంగతి తట్టినరోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అంతకుముందు ఈ సింఫనీ వినడం మొదలుపెట్టి రెండు మూడుసార్లు మధ్యలోనే ఆపేశాను, అంత బరువుగా అనిపించింది నాకు. మరి మన దగ్గర అంత ప్రసన్నంగా ఉండే స్వరాలు ఇక్కడికొచ్చేసరికి మనిషిని ఎందుకిలా కుంగదీస్తున్నాయి?

సమాధానం తంబురాలో ఉంది. అంటే తంబురా లేకపోవడంలో.

మన కచేరీలో గాయకుడు నోరు తెరవకముందే తంబురా మొదలవుతుంది కదా. పంచమం, షడ్జం, షడ్జం, కింది షడ్జం, కచేరీ అయ్యేదాకా అది ఆగదు. అంటే మన ఇల్లెక్కడుందో మనకి ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. ప్రతి మధ్యమం అనేది షడ్జానికి చాలా దూరపు స్వరం, స్థాయిని పన్నెండు మెట్లుగా లెక్కేస్తే అది సరిగ్గా ఆరో మెట్టు మీద, నట్టనడుమ ఉంటుంది. అక్కడ నిలబడితే మామూలుగా కాళ్ల కింద నేల ఉన్నట్టుండదు. కానీ పక్కనే తంబురాలో పంచమం మోగుతోంది కాబట్టి ఆ మధ్యమం పంచమం వైపు చెయ్యి చాస్తున్నట్టు వినిపిస్తుంది, ఇంకొక్క అడుగు వేస్తే గట్టు ఎక్కేస్తుందని చెవికి తెలుసు, కల్యాణిలో ఉండే ఆ తీపి చాలామటుకు ఆ చెయ్యి చాచడంలోనే ఉంది.

సిబేలియస్ ఏం చేశాడంటే తంబురా ఇవ్వలేదు, పంచమమూ ఇవ్వలేదు. ప్రతి మధ్యమం దాకా ఎక్కించి, అక్కడి నుంచి పంచమానికి పోనివ్వకుండా కిందకి గాంధారానికి జార్చేశాడు. మళ్లీ ఎక్కడం, మళ్లీ జారడం. పైగా ఆ చెల్లో వచ్చి పాడేసరికి అసలు సి అనేది షడ్జమే కాదని, ఏ అనే స్వరం ఇక్కడ ఇల్లు అని మెల్లగా అర్థమవుతుంది, మనవాళ్లు గ్రహభేదం (షడ్జాన్ని ఇంకో స్వరం మీదకి మార్చడం) చేసినప్పుడు కాసేపు తలకిందులైనట్టు ఉంటుందే, అలాగన్నమాట. కాకపోతే మన విద్వాంసుడు ఆ విద్య చూపించి చప్పట్ల మధ్య వెనక్కి తీసుకొచ్చేస్తాడు, ఈయన తీసుకురాడు. (స్వరాలు కలిశాయి కదా అని దీన్ని కల్యాణి రాగం అనకూడదు, గమకం లేదు, సంచారం లేదు, నేను చెప్పేది స్వరస్థానాల గురించే.)

ఈ ఆరు మెట్ల దూరాన్ని పాశ్చాత్య సంగీతంలో ట్రైటోన్ అంటారు. పాత రోజుల్లో యూరప్ శాస్త్రకారులు దీన్ని సంగీతంలో దెయ్యం అన్నారు. చర్చి దీన్ని నిషేధించిందని, వాయిస్తే శిక్ష వేసేవాళ్లని ఒక కథ నెట్‌లో తెగ తిరుగుతుంది, అది నమ్మక్కర్లేదు, కానీ వాడేటప్పుడు జాగ్రత్తగా ఉండేవాళ్లు, వాడినా వెంటనే పక్క స్వరంలోకి దింపేసి చెవికి ఊరట ఇచ్చేవాళ్లు అన్నది మాత్రం నిజం. సిబేలియస్‌కి ముందు కూడా చాలామంది దీన్ని భయం పుట్టించడానికి వాడారు, మధ్యలో ఎక్కడో చిటికెడు. ఈయన ఇంటికి పునాదే దాంతో వేశాడు, నాలుగు మూవ్‌మెంట్లూ, అంటే సింఫనీలోని నాలుగు భాగాలూ, దాని మీదే నిలబడ్డాయి.

ఇంతకీ ఈయనెవరు, ఎందుకిలా రాశాడు అంటే 1911కి కొంచెం వెనక్కి వెళ్లాలి. జాన్ సిబేలియస్ 1865 డిసెంబరు 8న ఫిన్లాండ్‌లోని హామీన్‌లిన్నాలో పుట్టాడు. అప్పటికి ఫిన్లాండ్ స్వతంత్ర దేశం కాదు, రష్యా చక్రవర్తి కింద ఉండేది, 1917లో గానీ స్వాతంత్ర్యం రాలేదు. 1899లో రాసిన ఫిన్లాండియా అనే ఆర్కెస్ట్రా రచనతో ఈయన తన జాతికి గొంతు ఇచ్చినవాడయ్యాడు, జనం ఈయన దగ్గర కోరుకున్నది అలాంటి సంగీతమే, గుండెలు ఉప్పొంగే సంగీతం. ఇది గుర్తుపెట్టుకుంటే 1911లో హాల్లో కూర్చున్నవాళ్ల పరిస్థితి అర్థమవుతుంది.

1908లో ఈయన గొంతులో కణితి వచ్చింది. హెల్సింకిలో చూపించుకుని, తర్వాత బెర్లిన్ వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు, ఒక్కసారితో పోలేదు, మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చింది. చివరికి తీసేశారు, కానీ మళ్లీ వస్తుందేమోననే భయం మాత్రం ఏళ్ల తరబడి ఆయన్ని వదల్లేదు. చుట్టలు, మందు మానేయాల్సి వచ్చింది, ఈ రెండూ విపరీతంగా అలవాటున్న మనిషి సుమారు ఏడేళ్లు వాటి జోలికి పోలేదు. ఇంకోపక్క అప్పులు. ఇల్లు కట్టిన అప్పు, పాత అప్పుల మీద కొత్త అప్పు, స్నేహితుడు ఆక్సెల్ కార్పెలాన్ నలుగురి దగ్గరా అడిగి డబ్బు సర్దేవాడు. చివరికి ఆయన 91 ఏళ్లు బతికాడు, 1957లో గానీ పోలేదు, కానీ 1910లో ఐనోలా ఇంట్లో కూర్చుని ఈ సింఫనీ రాసుకుంటున్న మనిషికి ఆ సంగతి తెలీదు కదా, నలభై అయిదేళ్ల వయసులో చావు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిందని, మళ్లీ రావొచ్చని మాత్రమే తెలుసు.

అయితే కణితి వచ్చింది కాబట్టి విషాద సంగీతం రాశాడు అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. అదే కాలంలో సంగీత ప్రపంచంలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. 1907లో ఆస్ట్రియా సంగీతకర్త మాహ్లర్ హెల్సింకి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు. సింఫనీలో తనకి నచ్చేది దాని కట్టుదిట్టం అని, లోపల అన్ని స్వరబీజాలనీ కలిపే గాఢమైన తర్కం అని సిబేలియస్ అన్నాడు. కాదు, సింఫనీ అంటే ప్రపంచంలా ఉండాలి, అన్నీ అందులో ఇమడాలి అన్నాడు మాహ్లర్. అన్నట్టే 1910 సెప్టెంబరులో మ్యూనిక్‌లో మాహ్లర్ ఎనిమిదో సింఫనీని వెయ్యిమందికి పైగా కళాకారులతో మొదటిసారి ప్రదర్శించారు. రిచర్డ్ స్ట్రాస్ ఆపెరాలకి ఇంతింత ఆర్కెస్ట్రాలు కావాలి. ఇంకోపక్క వియన్నాలో షోన్‌బర్గ్ అసలు షడ్జమే వద్దని, పన్నెండు స్వరాలూ సమానమేననే దారి పట్టాడు.

సిబేలియస్ ఈ రెండు దారులూ పట్టలేదు. అప్పటికి పాతకాలపుదిగా లెక్కపడే మామూలు సైజు ఆర్కెస్ట్రా తీసుకున్నాడు, అందులోనూ అందరూ కలిసి ఒకేసారి వాయించే చోట్లు చాలా తక్కువ, ఎక్కువసేపు ఇద్దరు ముగ్గురే వాయిస్తుంటారు. షడ్జాన్ని తీసేయలేదు గానీ దాచేశాడు. ఈ సింఫనీ గురించి ఇంగ్లండ్‌లో ఉన్న రచయిత్రి రోజా న్యూమార్చ్‌కి రాసిన ఉత్తరంలో, ఇది ఈనాటి సంగీతానికి వ్యతిరేకంగా నిలబడ్డ నిరసన అని, ఇందులో సర్కస్ అనేది అస్సలు లేదని రాశాడు. ఆ సర్కస్ అన్న మాట ఎవరి మీద విసిరాడో ఆ రోజుల్లో సంగీతం తెలిసిన వాళ్లందరికీ అర్థమయ్యే ఉంటుంది.

1911 ఏప్రిల్ 3న హెల్సింకిలో తనే కండక్ట్ చేసి మొదటిసారి వినిపించాడు. హాలంతా అభిమానులే. అయిపోయాక జనం మొహాలు తిప్పుకున్నారని, తలలు అడ్డంగా ఊపారని, ఇబ్బందిగా నవ్వారని, అభినందించడానికి లోపలికి వచ్చినవాళ్లు కూడా పెద్దగా లేరని భార్య ఐనో చాలా ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుంది. ఫిన్లాండియా రాసిన మనిషికి సొంత ఊళ్లో ఇది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఆలోచించండి. తర్వాత వియన్నాలో వాద్యకారులే దీన్ని వాయించడానికి ఒప్పుకోక కార్యక్రమం నుంచి తీసేశారు, 1913లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ప్రేక్షకులు ఈసడించారు. ఆయన మాత్రం ఒక్క స్వరం కూడా మార్చేది లేదన్నట్టే ఉండిపోయాడు.

అప్పట్లో ఒక విమర్శకుడు దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక తేలిక దారి కనిపెట్టాడు. 1909 సెప్టెంబరులో సిబేలియస్, తన భార్య ఐనోకి అన్నయ్య అయిన ఈరో యార్నెఫెల్ట్‌తో కలిసి తూర్పు ఫిన్లాండ్‌లో కోలి అనే కొండకి వెళ్లాడు. యార్నెఫెల్ట్ పేరున్న చిత్రకారుడు. కొండ ఎత్తు 347 మీటర్లే, మనకి అది పెద్ద ఎత్తు కాదు, కానీ పైనుంచి చూస్తే కింద పియెలినెన్ సరస్సు, దాంట్లో దీవులు, కనుచూపుమేర అడవి. జీవితంలో గొప్ప అనుభవాల్లో ఒకటి అని డైరీలో రాసుకున్నాడు. ఆ విమర్శకుడు ఈ సంగతి పట్టుకుని, మొదటి మూవ్‌మెంట్‌లో కనిపించేది ఆ కొండే, ఇక్కడ వెన్నెల, అక్కడ తుఫాను అన్నట్టు మొత్తం సింఫనీని యాత్రా చిత్రంలాగా పేపర్లో వివరించేశాడు. సిబేలియస్ అది కాదని పేపర్ ద్వారానే ఖండించాడు. కానీ సింఫనీని అంకితం ఇచ్చింది మాత్రం ఆ యార్నెఫెల్ట్‌కే! నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. ఆ కొండ మీద ఆయనకి ఏదో కలిగింది, ఆ కలిగినది ఇందులో ఉంది, కొండ బొమ్మ మాత్రం లేదు.

దీనికి ఇంకో పేరు కూడా ఉంది, బెరడు రొట్టె సింఫనీ. ఫిన్లాండ్‌లో 1866 నుంచి 1868 దాకా ఘోరమైన కరువు వచ్చింది, పైన్ చెట్టు బెరడు లోపలి పొర ఒలిచి, ఎండబెట్టి, పొడి కొట్టి, ఉన్న కాస్త పిండిలో కలిపి రొట్టె చేసుకు తిన్నారు. దేశ జనాభాలో సుమారు 8 శాతం మంది పోయారు, ఆకలితో కొందరు, ఆకలి వెనకే వచ్చిన జ్వరాలతో ఇంకా ఎక్కువమంది. సిబేలియస్ తండ్రి డాక్టరు. 1868లో టైఫస్ సోకి చనిపోయాడు, అప్పటికి ఈయనకి ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆ పేరు పెట్టినవాళ్లు ఈ సింఫనీలో పుష్టి లేదు, రుచి లేదు, బెరడు నమిలినట్టు ఉంది అనే అర్థంలోనే వాడి ఉండొచ్చు. కానీ ఆ కరువులో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడే ఈ సంగీతం రాశాడని తెలిశాక ఆ పేరు నాకు వేరేగా వినపడుతుంది.

సరే, మూవ్‌మెంట్ల సంగతికి వస్తే, నాలుగూ కలిపి 35 నిమిషాల పైచిలుకు. మొదటిదాని గురించి చెప్పాను కదా, ఆ రాయి ఈడ్చే నాలుగు స్వరాలు మళ్లీ మళ్లీ రూపం మార్చుకుని వస్తుంటాయి. మధ్యలో ఇత్తడి వాద్యాలు ఒక్కసారి తెరుచుకుని వెలుగు వచ్చినట్టే వచ్చి మూసుకుపోతుంది.

రెండోది చురుగ్గా, గంతులేస్తున్నట్టు మొదలవుతుంది, ఓబో మీద ఒక తేలికైన పాట. హమ్మయ్య అనుకుంటాం. కానీ సగం దాటాక వేగం ఉన్నట్టుండి సగానికి పడిపోతుంది, ఆ దెయ్యపు దూరం మళ్లీ కిందనుంచి లేస్తుంది. మామూలుగా ఇలాంటి మూవ్‌మెంట్‌లో మొదటి పాట తిరిగి రావాలి, పల్లవికి తిరిగి రావడం లాంటిది, వినేవాళ్లు దానికోసం చూస్తుంటారు. ఇక్కడ పల్లవి రాదు. దాని తాలూకు ఒకటి రెండు ముక్కలు వినిపించి, టింపనీ అనే పెద్ద డోలు మెత్తగా కొన్ని దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది, అంతే, అయిపోయింది. ఎవరో వాక్యం మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది.

మూడోది ఈ సింఫనీకి గుండెకాయ. దీని దగ్గర కాసేపు ఆగాలి. రెండు ఫ్లూట్లు ఒకదాని తర్వాత ఒకటి, దారి వెతుక్కుంటున్నట్టు, పూర్తికాని ముక్కలు వాయిస్తాయి. ఎక్కడా పాట లేదు. కాసేపటికి హార్న్‌లు ఏదో ప్రార్థనలాంటిది మొదలుపెడతాయి, అది పైకి లేవబోతుంది, ఆగిపోతుంది, మళ్లీ ఫ్లూట్లు, మళ్లీ వెతుకులాట. రెండోసారి చెల్లోలు ఇంకొంచెం దూరం తీసుకెళ్తాయి, మళ్లీ విరిగిపోతుంది. మామూలుగా పాట ముందు వస్తుంది, తర్వాత దాన్ని విడదీసి పెంచుతారు, మనం పల్లవి పాడాక నెరవల్ చేస్తాం. ఈయన తిరగేశాడు. ముందు ముక్కలే ఇచ్చాడు, వాటిని మన కళ్ల ముందే ఒక్కొక్కటీ అతుకుతూ పోయాడు, ఏడెనిమిది నిమిషాలు ఓపిక పట్టాక తీగవాద్యాలన్నీ కలిసి ఆ పాటని మొదటిసారి పూర్తిగా, తల ఎత్తుకుని పాడతాయి. కింద నుంచి షడ్జం పంచమం అని ఎక్కుతూ పోయే పాట అది. మొదటి నిమిషంలో మనకి ఇవ్వని పంచమం ఇక్కడ దొరుకుతుంది! పూర్తిగా వినిపించేది ఆ ఒక్కసారే. తర్వాత అది కరిగిపోయి చివర్లో సి షార్ప్ ఒక్కటే ఊపిరిలాగా మిగులుతుంది. 1957లో సిబేలియస్ అంత్యక్రియలప్పుడు వాయించిన సంగీతంలో ఈ మూవ్‌మెంట్ కూడా ఉంది.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి. నాలుగు మూవ్‌మెంట్ల ఆధార స్వరాలు వరసగా ఏ, ఎఫ్, సి షార్ప్, మళ్లీ ఏ. లెక్కేసి చూస్తే ఒక్కోదాని మధ్య సరిగ్గా నాలుగు మెట్లు, స్థాయిని మూడు సమాన ముక్కలు కోసినట్టు. దేనికీ దేనితోనూ షడ్జ పంచమ బంధుత్వం లేదు. అంటే లోపల పాటలోనే కాదు, బయట కట్టడంలో కూడా తంబురా తీసేశాడన్నమాట. మాహ్లర్‌తో చెప్పిన ఆ గాఢమైన తర్కం ఇదేనేమో.

నాలుగోది ఏ మేజర్‌లో, ఎండ కాసినట్టు మొదలవుతుంది. గంటలు కూడా మోగుతాయి. ఈ గంటల మీద వందేళ్లుగా గొడవ, స్కోర్‌లో గ్లోకెన్ అని రాసి ఉంది, జర్మన్‌లో దానికి గంటలు అనే అర్థం, దాంతో కొందరు కండక్టర్లు చర్చి గంటల్లాంటి పొడుగు గొట్టాలు వాడతారు, కొందరు గ్లోకెన్‌స్పీల్ అనే చిన్న ఉక్కు పలకల వాద్యం వాడతారు. సిబేలియస్ కోరుకుంది చిన్నదే. నాక్కూడా అదే సరి అనిపిస్తుంది, ఎందుకంటే పెద్ద గంటలు మోగితే ఏదో విజయం వచ్చినట్టు ఉంటుంది, చిన్నవైతే మంచు మీద ఎండ పడి మెరిసినట్టు మాత్రమే ఉంటుంది, అందులో వెచ్చదనం ఉండదు. ఈ మూవ్‌మెంట్‌లో కొంత సామగ్రి నిజానికి వేరేదాని కోసం రాసుకున్నది. ఐనో ఆక్టే అనే ప్రసిద్ధ గాయని కోసం ఎడ్గర్ అలన్ పో కాకి కవితకి ఆర్కెస్ట్రాతో పాట కడతానని ఒప్పుకుని, 1910 చివర్లో అది తన వల్ల కాదని వదిలేశాడు, ఆ గాయనికి బాగా కోపం కూడా వచ్చింది. ఇంక ఎప్పటికీ లేదు అని ఒకటే మాట పలికే ఆ కాకి నీడ ఈ చివరి మూవ్‌మెంట్‌లో ఉంది.

ఎందుకంటే ఈ ఎండ నిలబడదు. 'ఏ' అనే స్వరానికి సరిగ్గా ఆరు మెట్ల దూరంలో ఉండే 'ఈ ఫ్లాట్' అనే స్వరం లోపలికి చొరబడుతుంది, అదే పాత దెయ్యం, ఇప్పుడు ఇంట్లోకే వచ్చేసింది. రెండూ ఒకదానిమీద ఒకటి పడి కొట్టుకుంటాయి, ఎవరూ గెలవరు, ఒక్కొక్క వాద్యమే ఆగిపోతూ వస్తుంది. చివరికి మిగిలేది ఫ్లూట్ ఒకటి, కిందకి జారే చిన్న పిలుపు. దానికి ఓబో బదులిస్తుంది, మళ్లీ మళ్లీ అదే బదులు.

మొదటిసారి వినేవాళ్లకి నాదో మాట. 1965లో కండక్టర్ కరయాన్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్ తేలిగ్గానే దొరుకుతుంది, ఓస్మో వాన్‌స్కా లాహ్తి సింఫనీతో చేసింది ఇంకొంచెం పొడిగా, చలిగా ఉంటుంది, ఏదైనా మంచిదే. బస్సులో వద్దు, చాలా చోట్ల శబ్దం అంత చిన్నది, ఇంజిన్ చప్పుడులో కొట్టుకుపోతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు మూడో మూవ్‌మెంట్ ఒక్కటే వినండి. ఆ పాట పూర్తిగా వచ్చే చోటు తెలిశాక ఇంకోరోజు మొదటినుంచి మొదలుపెట్టండి, అప్పుడు ఆ నాలుగు స్వరాలు దేనికోసం ఎక్కుతున్నాయో, ఎక్కడ జారిపోతున్నాయో చెవికే పట్టుబడుతుంది.

ఇక ఆ ముగింపు. సింఫనీలు మామూలుగా గట్టిగా మోగి అయిపోతాయి, లేదంటే సన్నగా సన్నగా మాయమవుతాయి. ఓబో పిలుపు ఆగాక ఇక్కడ తీగవాద్యాలు ఏ మైనర్‌ని వాయిస్తాయి, మెజో ఫోర్టే, అంటే గట్టిగానూ కాదు, మెల్లగానూ కాదు, మనిషి మామూలుగా మాట్లాడేంత. వేగం తగ్గదు, శబ్దం పెరగదు, తగ్గదు. మొదటి నిమిషం నుంచి దాచిపెట్టిన షడ్జం ఇదిగో ఇక్కడుంది, అదే స్వరం మీద మళ్లీ, మళ్లీ, మళ్లీ, ఆ తర్వాత ఇంకేం లేదు.